జగిత్యాల మామిడి ప్రయాణము

వైశాఖమాసపు టెండలలో కరీంనగరమునుండి జగిత్యాలకు పొమ్మనినచో సంతోషించువారు అరుదు. అయినను మేము చూడగోరిన సంగతి ఆ మాసముననే చూడదగినది. మామిడికాయ చెట్టునుండి దిగి, గంపనో పెట్టెనో చేరి, లారీ యెక్కి ఉత్తరదేశమునకు పోవు పని చైత్రమున మొదలై జ్యేష్ఠముతో ముగియును. మిగిలిన కాలమున అచ్చట చూచుటకు చెట్లు మాత్రమే యుండును. కావున మేము మువ్వుర మాడువారము తలకు తడిబట్ట చుట్టుకొని ఒక ఉదయమున ఆర్టీసీ బస్సెక్కితిమి. 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఈ బస్సులలో టికెట్టు రుసుము తీసివేసిరి. అందుచేత బస్సునిండ మనవారే. కొండగట్టు అంజన్న దర్శనమునకు పోవువారు కొందరు, పుట్టినిండ్లకు పోవువారు కొందరు. మేము మామిడికాయలు చూడబోవుచున్నామని చెప్పగా ప్రక్కనున్న ముదుసలి యొకతె, "కాయలు కరీంనగర్ల దొర్కయా బిడ్డా?" అని పకపక నవ్వినది.

కొండగట్టు దాటినపిదప బాటకు ఇరుప్రక్కల తోటలు కనబడసాగినవి. చెట్లు మా కోస్తా తోటలలోవలె ఆకాశమున కెగసినవి కావు. గుండ్రముగా, ఒద్దికగా, కొమ్మలు నేలకు వంగియుండెను. నిచ్చెన వేయకయే సగము కాయ కోయవచ్చును. పనివారికి ఇది యెంత యుపకారమో ఆనాడు సాయంకాలమునకు గాని మాకు తెలియలేదు.

జగిత్యాల పట్టణమును గూర్చి ఎక్కువ చెప్పము. నక్షత్రాకారమున నున్న కోట యొకటి కలదు. 1747 ప్రాంతమున ఇబ్రహీంఖాన్ ధంసా కాలమున ఫ్రెంచి పనివారి సాయముతో కట్టినదని చెప్పుదురు. 2016 అక్టోబరు 11వ తేదీని కరీంనగర మండలమును విభజించినప్పుడు జగిత్యాల వేఱు జిల్లాయైనది. కోరుట్ల ఈ జిల్లాలోనే యున్నది. సిరిసిల్ల అదే దినమున మఱియొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కోటగోడమీద నిలిచి చూచినచో ఊరు చక్కగా కనబడును గాని, ఆ యెండలో నిలుచుట మావలన కాలేదు.

ఈ ప్రాంతమున మామిడిచెట్టు లేని కాలము లేదు. దొడ్డిలో నొకటి, పొలముగట్టున నొకటి, చెరువుకట్టమీద నొకటి, టెంకనుండి మొలిచిన నాటుచెట్లు ఉండెడివి. ఒకదాని కాయ పీచు, ఒకదానిది పులుపు, ఒకదానిది చక్కెరపాకము. ఏ చెట్టుకాయ తొక్కునకు మంచిది, ఏది పండించి పిల్లలకు పెట్టవలెను, ఏది ఎండబెట్టి ఒరుగులు చేయవలెనను జ్ఞానము ఇంటి ఆడువారిది. మిగిలిన కాయ గంపలలో అంగడికి పోయెడిది. అంతకు మించి దూరము పోవుటకు వీలులేదు. నాటుపండు మెత్తనిది. ఎడ్లబండి కుదుపునకు ఒకదానినొకటి నలిపికొని, నాలుగామడలు పోవునప్పటికి గంప అడుగున రసము కారుచుండును.

దూరపు వ్యాపారమునకు మూడు వలసియుండెను: ప్రయాణమున కోర్చు కాయ, ఎండకాలమున చెట్టును నిలుపు నీరు, వేగముగా కొనిపోవు బాట. మొదటిది అంటుమామిడివలన వచ్చినది. రాయలసీమలోని బనగానపల్లె పేరిట ప్రసిద్ధమైన రకమును హైదరాబాదు వైపువారు బేనిషాన్ అందురు. కాయ పెద్దది, పీచులేనిది, కోసిన తరువాత కొన్నిదినములు నిలువ యుండును. ఈ బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. జగిత్యాల తోటలలో అత్యధికము ఈ రకమే. దశేరి, తోతాపురి, హిమాయతు కూడ అక్కడక్కడ కలవు.

నీటి సంగతికి వచ్చినచో, గోదావరిమీద పోచంపాడువద్ద కట్టదలచిన ఆనకట్టకు 1963 జూలై 26వ తేదీని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. అదియే శ్రీరాంసాగరము. దాని కాకతీయ కాలువ ఈ మండలమును తడిపినది. కాలువక్రింది నేల వరికి పోయినది. కాలువ యెక్కని ఎఱ్ఱచెలకలలో బావులు, బోరులు త్రవ్వికొన్నవారు మామిడి యంట్లు నాటిరి. ఒకసారి పాదుకొన్న చెట్టు వరివలె నిత్యము నీరడుగదు, కూలివాండ్రను నిత్యము పిలువనక్కరలేదు. ఇంటి మగవారు పనులకై దూరము పోయిన కుటుంబములకు ఇది యెంత యనుకూలమో ముందు చెప్పుదుము.

ఇక బాట. 1929లో కాజీపేటనుండి బల్లార్షావరకు ఇనుపదారి పూర్తియై, మదరాసునుండి ఢిల్లీకి పోవు బండ్లు పెద్దపల్లి, మంచిర్యాలల మీదుగా పోసాగినవి. నిజామాబాదునకు అంతకుముందే రైలు వచ్చినది. జగిత్యాల ఈ రెండు దారులకు నడుమ, రెంటికిని దూరముగా మిగిలిపోయినది. కరీంనగరము వైపునుండి రైలు ఇచ్చటకు 2007లో గాని రాలేదు. కోరుట్ల మీదుగా నిజామాబాదువరకు దారి పూర్తియగుట 2017లో. ఇంతకాలము ఆగవలసిన కాయ ఏది? అందుచేత ఇచ్చటి మామిడి రైలును నమ్మక లారీని నమ్ముకొన్నది. కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోవు 63వ జాతీయ రహదారి ఆర్మూరువద్ద 44వ రహదారిని కలియును. అచ్చటనుండి నాగపురము, ఆపైన ఢిల్లీ.

ఉత్తరదేశమున మామిడి లేదా, ఇంతదూరపు కాయ వారికేలయని మీరు అడుగవచ్చును. లేకేమి, లక్నో దాపున మలీహాబాదు దశేరి తోటలు లోకప్రసిద్ధములు. కాని ఆ పండు జూన్‌మాసమున గాని రాదు. మన కాయ ఏప్రిలు, మే మాసములలోనే సిద్ధము. ఈ నెల, నెలన్నర యెడమే జగిత్యాల వ్యాపారమునకు ఆయువుపట్టు. అచ్చటి పండు దిగుట మొదలైన దినమున ఇచ్చటి ధర పడిపోవును. అందులకే ఇచ్చటివారందరు తరుముకొని వచ్చినట్లు పనిచేయుదురు.

కోరుట్లకు సమీపపు పల్లెలో మాకు తెలిసినవారి చుట్టము ఒకామె కలదు. పేరు వ్రాయుట ఆమె కిష్టములేదు. పెనిమిటి దుబాయిలో పనిచేయుచున్నాడు. ఈ వైపు పల్లెలలో గల్ఫునకు మనిషిని పంపని వాడ లేదనవచ్చును. అత్తగారు, ఇద్దరు బిడ్డలు, నాలుగెకరముల తోట ఆమె చేతిమీద నున్నవి. తీరిక దొరికినప్పుడు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టును. తునికియాకు కత్తిరించుట, తంబాకు పోసి చుట్టుట, దారము కట్టుట కన్ను చూడకయే ఆమె వ్రేళ్లు చేసికొనిపోవుచుండగా మాతో తోటలెక్క చెప్పినది.

ఇచ్చటివా రధికముగా తోటను గుత్తకిత్తురు. చెట్టు పూతమీద నున్నప్పుడే గుత్తేదారు వచ్చి, తోటంతయు తిరిగి, ఇంతయని మొత్తము చెప్పును. కొంత ముందుగా నిచ్చును, మిగిలినది కోతనాడు. కావలి, మందులు, కోత, కూలి, బండి అన్నియు అతనివి. ఆడుది ఒంటరిగా నున్న ఇంట ఇది సుఖమే. కాని పూతను చూచి కాపును నిర్ణయించుట జూదమువంటిది. మంచు పట్టినను, తేనెమంచుపురుగు తగిలినను పూత మాడిపోవును. పిందె నిలిచిన తరువాత చైత్రమున నొక గాలివాన చాలును. రెండేండ్లక్రింద అట్టి గాలి యొకటి రాత్రివేళ వచ్చి, తెల్లవారునప్పటికి కాయ సగము నేలనుండెనట. గుత్తేదారు ముందిచ్చిన సొమ్ముతో సరిపెట్టుకొని మరల ముఖము చూపలేదు. కాగితము లేదు, సాక్షి లేడు. రాలిన పచ్చికాయను ఊరివారు తొక్కునకు గంపకింత యని కొనిపోయిరి. "ఆ ఏడు ఊరంత మా తొక్కే తిన్నరక్కా" అని ఆమె నవ్వినది గాని, అత్తగారు నవ్వలేదు.

ఈ యేడు పూతకాలమున గుత్తేదారు వచ్చినప్పుడు ఆమె ఒప్పుకొనలేదు. తానే కోయించి, తానే అంగడికి తోలుదునని నిశ్చయించుకొన్నది. అత్తగారు వద్దనినది. పెనిమిటి ఫోనులో, నీ యిష్టమనెనట. అట్లు చెప్పుటయు ఒక బరువే గదా. తప్పినచో నెపము ఆమెదే.

కోతనాడు మేమందుంటిమి. తెలతెలవారుచుండగనే పని మొదలైనది. పొడుగుపాటి కఱ్ఱచివర చిక్కము కట్టి, కాయను అందులో పడునట్లు కోయుదురు. చెట్టును దులుపుట మహాపాపము. నేలనుబడిన కాయకు పైన దెబ్బ కనబడకపోయినను, మూడవదినమున లోపల నల్లబడి, తన ప్రక్కనున్నవానిని కూడ చెఱచును. కాయను బొత్తిగా తొడిమ లేకుండ కోయరాదు. తొడిమ తెగినచోట సొన చిమ్మి తోలుమీద కారినచో అచ్చట కాల్చినట్లు మచ్చ పడును. మచ్చపడిన కాయకు ఢిల్లీలో వెలలేదు. అందుచేత బెత్తెడు కాడతో కోసి, నీడకు తెచ్చిన తరువాత కాడను విఱిచి, కాయను ముక్కు మీదికి, మొదలు క్రిందికి ఉండునట్లు బోరగిలవేసి సొన నేలకు కారనిత్తురు. ఈ పని అంతయు స్త్రీలది. వారి చేతులు చూచితిమి. సొనతాకి పొక్కులెక్కి, నలుపుతిరిగి, మణికట్టువరకు గంధకము పూసినట్లున్నవి. కొబ్బరినూనె రాచుకొందుమనిరి. తొడుగులు వేసికొనరాదాయని మేమడుగగా, తొడుగు వేసికొనినచో కాయ మెత్తనో గట్టియో వ్రేలికి తెలియదనిరి.

ఆ వ్రేలితెలివియే కట్టుపనికి మూలము. పెద్దకాయ, నడిమికాయ, చిన్నకాయ, మచ్చకాయ, పండుబారినది అని చూచినంతనే విడదీయుదురు. పండుబారినదానిని దూరపు పెట్టెలో వేసినచో దాని ఆవిరికి పెట్టె అంతయు దారిలోనే పండిపోవును. ఇది వారు అనుభవమున నెఱిగిన విషయము. శాస్త్రజ్ఞులు ఆ యావిరికి ఎథిలీన్ అని పేరిడిరి.

పూర్వము మేదరివారల్లిన వెదురుగంపలలో వరిగడ్డి పఱచి కాయ పేర్చెడివారు. గంప అందమైనది, గాలియాడునది, చవుక. కాని ఒకదానిమీద నొకటి పెట్టినప్పుడు పైగంప బరువు క్రిందికాయమీదనే పడును. చెక్కపెట్టె ఆ బరువును తాను మోయును గాని, దానికి చెట్లు కూలవలెను, మేకులు కాయకు గ్రుచ్చుకొనును. ఇప్పుడు ప్లాస్టిక్కు ట్రేలు వచ్చినవి. ఒకదానిలో నొకటి ఒదిగి నిలుచును, ప్రక్కల కంతలుండును, కడుగవచ్చును. అయితే దూరదేశమునకు పోయిన ట్రే తిరిగివచ్చుటకు మరల కిరాయి. అందుచేత అట్టపెట్టెలు వాడువారును కలరు. ట్రే యడుగున పాత వార్తాపత్రికలు పఱచి, నడుమ గడ్డిపోచలు దూర్చుదురు. వరికోత యంత్రములు వచ్చిన తరువాత పూర్వమువలె నిడుపాటి గడ్డి తక్కువైనదని ఒకామె చెప్పినది. మేము చూచుచుండగా ఆమె పేర్చిన కాయ కదలనిది. పెట్టె నూపినను చప్పుడు లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా నారింజలను గూర్చి చదివినది మాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. అచ్చటను ఒక్కొక్క పండును పలుచని కాగితమున చుట్టి పెట్టెలలో పేర్చుపని స్త్రీలే చేసెడివారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి మంచుగడ్డ నింపిన రైలుపెట్టెలు ఆ పండ్లను దేశముయొక్క రెండవకొనవరకు చేర్చినవి. మామిడికి అట్టి మంచు పనికిరాదు. 13 డిగ్రీలకంటె చల్లబఱచినచో బేనిషాన్ వంటి కాయ తోలు నల్లబడి, లోపల పండు రుచి చెడును. ఇంట చల్లనిపెట్టెలో పచ్చిమామిడిని పెట్టి, పండలేదని విసుగుకొను సోదరీమణులు దీనిని గమనింతురుగాక.

ట్రాక్టరు సాయంకాలమునకు చల్గల్ చేరినది. జగిత్యాలకు సమీపమున నున్న ఈ యూరిలో మామిడి అంగడి కలదు. ఢిల్లీ, నాగపురపు వర్తకులు కాలమువచ్చినప్పుడు ఇచ్చట దిగుదురు. తెలుగు, హిందీ, మరాఠీ మూడుభాషలు ఒకేచోట వినబడును, మూటికంటె బిగ్గరగా అంకెలు వినబడును. కాయరాశి ముందు వర్తకుడు నిలుచును. ఒక కాయను తీసి, తొడిమవద్ద వాసనచూచి, కోసి లోపలి రంగు చూచి, దానిని ప్రక్కన పాఱవేయును. ఆ ఒక్కకాయను పెంచుటకు ఏడాది పట్టినదని అతనికి తోచదు కాబోలు.

ఆమె తన రాశివద్ద కొంగు బిగించి నిలిచినది. అంత అంగడిలో రాశికి యజమానురాలుగా నిలిచిన ఆడుది మాకు కనబడినంతవరకు ఆమె యొక్కతెయే. ఏరువారు, మోయువారు, ఊడ్చువారు స్త్రీలు చాలమంది కలరు. ధర చెప్పినవాడు ఆమెవంక గాక ట్రాక్టరు తోలిన పిల్లవానివంక చూచి చెప్పెను. ఆమె, "నాతోని మాట్లాడు సేటూ, తోట నాది" అనినది. అతడు తలత్రిప్పి రెండవసారి చెప్పినప్పుడు ధర కొంచెము పెరిగినది. ఎందుచేతనో మేమెఱుగము.

తూకమైన తరువాత తరుగు తీసిరి. దారిలో చెడు కాయకు, పెట్టెబరువునకు, అలవాటునకు అని ఇంత బరువు కొట్టివేయుట ఈ వ్యాపారమున తరుగు. ఆపైన అడ్తి, హమాలీ. కాగితముమీద ఇవన్నియు చిన్న అంకెలే. ఆమె కాగితమును మడువక, ఒక్కొక్క వరుస వ్రేలుపెట్టి చదివి, హమాలీ రెండుమార్లు పడినదని చూపగా గుమాస్తా ఒకదానిని కొట్టివేసెను. చివరకు చేతికి వచ్చినది గుత్తేదారు చెప్పిన మొత్తముకంటె ఎక్కువ, ఆమె మనసున వేసికొన్న లెక్కకంటె తక్కువ. సగము కాయ ఇంకను చెట్టుమీద నున్నది. ఆ రాత్రి గాలి లేచినప్పుడెల్ల ఆమె లేచి కూర్చుండెను. మేమును నిద్రపోలేదు.

మాగబెట్టుటను గూర్చి రెండు మాటలు చెప్పక విడువము. త్వరగా రంగువచ్చుటకు కొందరు వర్తకులు కార్బైడు పొడిని కాయలనడుమ పెట్టుట చిరకాలముగా జరుగుచున్నది. దానినుండి వచ్చు ఆవిరి కాయకు పసుపురంగు నిచ్చును గాని లోపల పులుపు పోదు. అందులో ఆర్సెనిక్, భాస్వరముల విషము కూడ కలిసియుండును. 2011 నాటి ఆహారనిబంధనలలో దీనిని నిషేధించిరి. 2015లో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము ఈ విషయమును తానై విచారణకు తీసికొన్నది. కార్బైడునకు బదులుగా గదులలో ఎథిలీన్ ఆవిరితో పండించుట కనుమతి కలదు. ఇంటికి వచ్చిన కాయకు ఇవేవియు నక్కరలేదు. నిండుకాయ తెచ్చి, కడిగి తుడిచి, వరిగడ్డిలోనో కాగితములోనో ఒకదానికొకటి తగులకుండ పఱచి, మూడు నాలుగు దినములు ముట్టకున్నచో చాలును. పండినదో లేదో రంగు చూచి గాక, తొడిమవద్ద వాసన చూచి తెలిసికొనుడు. అంతటను ఒకే పసుపుగా, వాసనలేకుండ నున్నదానిని కొనకుడు.

మరునాడు వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయితిమి. మానేరువాగు ఒడ్డున నున్న ఈ పట్టణము మామిడిది కాదు, మగ్గముది. వీథిలో నడుచుచున్నంతసేపు మరమగ్గముల చప్పుడు చెవులను విడువదు. నూలు నిచ్చి గుడ్డ తీసికొను సేట్లు, కొన్ని మగ్గములుంచుకొని కూలికి నేయించు ఆసాములు, ఆ మగ్గములమీద పనిచేయు కార్మికులు, ఇట్లు మూడంతస్తులు. స్త్రీలు కండెలు చుట్టుదురు, బీడీలు కూడ చుట్టుదురు. 2017నుండి కొన్నియేండ్లు ప్రభుత్వము బతుకమ్మ చీరెలను ఇచ్చటనే నేయించుటవలన పని నిలుకడగా నుండెనని చెప్పిరి.

ఒక ఆసామి యింట మేము దిగితిమి. తాన్లను మడిచి, మూటకట్టి, లారీ వచ్చువరకు గోడవారగా పెట్టియుండిరి. నెలయైనను చెడని సరకు. ఇంటి యిల్లాలు చల్గల్ సంగతి అంతయు మాచేత చెప్పించుకొని, "మా గుడ్డ గూడ గట్లనే అక్కా, ఆగుతది గాని అడుగు ధర రాదు" అనినది.

సాయంకాలము వీథిలో బండిమీద బేనిషాన్ పండ్లు అమ్మవచ్చినవి. ధర చల్గల్‌లో మేము విన్నదానికి రెట్టింపునకు పైబడి యున్నది. ఎచ్చటి పండ్లని యిల్లాలు అడిగినది. "హైదరాబాద్ మార్కెట్‌కెళ్లి తెచ్చినం" అని బండివాడు గర్వముగా చెప్పెను. హైదరాబాదునకు ఎచ్చటనుండి వచ్చినవని మేమడిగితిమి. అతడు ఒక పండును చేతిలో త్రిప్పిచూచి, "జగిత్యాల్‌యే గావచ్చు" అనినాడు. ఆమె నాలుగు పండ్లు కొని, తొడిమవద్ద వాసన చూచి, రెండు తిరిగి యిచ్చివేసినది.